పని చేసుకుంటూ విన్న పాట శ్రవణమవుతుందా?

తెలుగు ఇళ్లలో చాలాచోట్ల పొద్దు పాటతో మొదలవుతుంది. పొయ్యి మీద పాలు కాగుతుంటాయి, మిక్సీలో కొబ్బరి పచ్చడి తిరుగుతుంటుంది, పిల్లలు స్కూలు బస్సుకి ఉరుకుతుంటారు. వీటన్నిటి నడుమ టీవీలోనో ఫోన్‌లోనో సుప్రభాతమో, విష్ణు సహస్రనామమో, మంగళవారమైతే హనుమాన్ చాలీసానో సాగిపోతుంటుంది. దాని ఎదుట ఎవరూ కూర్చోరు. అయినా ఒకరోజు పెట్టడం మరిచిపోతే ఇల్లంతా వెలితిగా ఉంటుంది. భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో మొదటిది శ్రవణం. పనుల మధ్య సగం చెవితో, ఒక యంత్రం నుంచి వినే ఈ పాట ఆ శ్రవణంలోకి వస్తుందా, రాదా? ఎన్నో ఇళ్లలో నిత్య ఉపాసన అంటూ మిగిలింది ఈ రూపంలోనే కాబట్టి ఈ ప్రశ్నను తేలిగ్గా దాటేయడానికి వీల్లేదు.

మామూలుగా రెండు జవాబులు వినబడతాయి. మనసు పెట్టని వినికిడి ఉత్త చప్పుడేనని ఒకటి. భగవన్నామం ఎలా చెవిన పడ్డా పుణ్యమేనని రెండోది. రెంటికీ శాస్త్రంలో ఆధారం దొరుకుతుంది. అయితే శాస్త్రం ఈ రెంటికంటే సూక్ష్మంగా మాట్లాడుతుంది.

ఈ అలవాటు మరీ పాతదేమీ కాదు. ఒకప్పుడు దేవుడి పాట వినాలంటే గుడికో, భజన మందిరానికో, హరికథ పందిరికో వెళ్లాలి. లేదా సంక్రాంతి నెలలో హరిదాసు గుమ్మం ముందుకు రావాలి. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాక ఆ పాట రోజూ ఇంట్లోకే రావడం మొదలుపెట్టింది. బాలాంత్రపు రజనీకాంతరావు రూపుదిద్దిన భక్తిరంజని కార్యక్రమంలో అన్నమయ్య పదాలు, రామదాసు కీర్తనలు, తరంగాలు, తత్వాలు శ్రీరంగం గోపాలరత్నం, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటి వారి గొంతుల్లో తెల్లవారగానే వంటింటిదాకా వచ్చాయి. అదే కేంద్రం నుంచి ఉషశ్రీ ఆదివారం మధ్యాహ్నాల్లో రామాయణ భారతాలు చెబుతుంటే జనం పనులు ఆపుకుని రేడియో చుట్టూ చేరేవారు. తమ ధర్మసందేహాలు ఉత్తరాలు రాసి అడిగేవారు. పెట్టె ఒకటే, వినడం రెండు రకాలు. పొద్దున పని చేసుకుంటూ విన్నారు, మధ్యాహ్నం కూర్చుని విన్నారు. యంత్రం వచ్చినందువల్లే శ్రద్ధ పోయిందనే వాదన ఇక్కడే బలం కోల్పోతుంది.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం 1963లో రికార్డుగా వచ్చింది. దాన్ని రచించింది పదిహేనో శతాబ్దానికి చెందిన ప్రతివాది భయంకరం అణ్ణన్, మణవాళ మహాముని శిష్యుడు. మొదటి శ్లోకం మాత్రం వాల్మీకి రామాయణం బాలకాండలోది, విశ్వామిత్రుడు రాముణ్ణి నిద్రలేపే సందర్భం. తిరుమలలో ఇది సేవ. తెల్లవారుజామున బంగారు వాకిలి ముందు నిలబడి స్వామిని మేల్కొలిపే సేవ. ధనుర్మాసం రాగానే అక్కడ సుప్రభాతం ఆపి తిరుప్పావై పఠిస్తారు. ఇంట్లో అదే పాట మేల్కొలిపేది ఎక్కువగా పిల్లల్ని. స్వామిని ఉద్దేశించిన మాటలు మనుషుల మీదికి మళ్లాయి, కాలనియమం కూడా చాలా ఇళ్లలో సడలింది. దీన్ని పతనంగా చూడనక్కర్లేదు. సేవలో పలికే మాట ఇంట్లో పరిసరంగా మారింది. పరిసరానికి ఉండే ఫలం వేరు, సేవకు ఉండే ఫలం వేరు.

శ్రవణ భక్తికి భాగవతం చూపే ఉదాహరణ పరీక్షిత్తు. తక్షకుడి కాటుతో ఏడు రోజుల్లో మరణం తప్పదని తెలిసి, రాజ్యం కొడుక్కి అప్పగించి, గంగ ఒడ్డున ప్రాయోపవేశం చేసి శుకుడి నోట హరికథ విన్నాడు. దశమ స్కంధం మొదట్లో ఆయన, నీళ్లు కూడా వదిలేసిన తనను ఆకలి బాధించడం లేదని, శుకుడి నోటి నుంచి జారే కథామృతం తాగుతున్నానని అంటాడు. ఈ ఘట్టంలో అందరూ ఆ ఏకాగ్రతనే మెచ్చుకుంటారు. అంతకంటే గమనించవలసింది ఇంకొకటుంది. ఆయన అడుగడుగునా ప్రశ్నలు వేస్తాడు. దేవుడు అందరికీ సముడైతే దైత్యుల్ని ఎందుకు చంపాడని అడుగుతాడు. ధర్మాన్ని నిలపడానికి వచ్చినవాడు పరస్త్రీలతో రాసలీల ఎలా చేశాడని అడుగుతాడు. వినేవాడు మాట్లాడుతుంటేనే ఆ కథ ముందుకు నడుస్తుంది.

వేదాంతులు శ్రవణాన్ని ఇంకా కట్టుదిట్టంగా నిర్వచించారు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఆత్మను వినాలి, మననం చేయాలి, నిదిధ్యాసించాలి అని చెబుతాడు. ఇక్కడ వినడమంటే శబ్దం చెవిలో పడటం కాదని సదానందుడి వేదాంతసారం స్పష్టం చేస్తుంది. ఉపక్రమ ఉపసంహారాల వంటి ఆరు లింగాలతో ఉపనిషత్తుల తాత్పర్యాన్ని నిర్ణయించుకోవడమే శ్రవణం. అంటే అది పూర్తిగా బుద్ధి చేసే పని. అద్వైతంలోనే దీని మీద పెద్ద చర్చ నడిచింది. వాచస్పతి మిశ్రుడి భామతిని అనుసరించేవారు నిదిధ్యాసనతో సంస్కారం పొందిన మనసే సాక్షాత్కారానికి సాధనమన్నారు. ప్రకాశాత్ముడి వివరణాన్ని అనుసరించేవారు శ్రవణమే ప్రధానం, మనన నిదిధ్యాసనలు దానికి అంగాలన్నారు. వాళ్లు చూపే దృష్టాంతం దశముడి కథ. పదిమంది ఏరు దాటి లెక్కపెట్టుకుంటే, లెక్కపెట్టేవాడు తనను తాను మరిచి తొమ్మిదే అనుకుని ఏడుస్తుంటాడు. దారినపోయేవాడు వచ్చి పదోవాడివి నువ్వేనంటాడు. ఆ ఒక్క మాటతో ప్రత్యక్షంగా తెలిసిపోతుంది, ఇంకో సాధన అక్కర్లేదు. ఈ కథలో వివరణ పక్షం శబ్దానికి ఉన్న శక్తిని చూపుతుంది. అయితే పదోవాడు పోయాడని నిజంగా ఏడుస్తున్నవాడికే ఆ మాట పనిచేసింది. ఏ వెతుకులాటా లేకుండా కూర్చున్నవాడి చెవిలో అదే మాట వందసార్లు పడినా ఏమీ జరగదు.

ఈ కొలతతో చూస్తే వంటింటి సహస్రనామం శ్రవణం కాదు. కానీ వేదాంత శ్రవణానికి పెట్టిన కొలతను భక్తికి పెట్టడం సరికాదని భక్తి శాస్త్రమే అంటుంది. దానికి ఆధారం అజామిళోపాఖ్యానం. కన్యాకుబ్జంలోని అజామిళుడనే బ్రాహ్మణుడు ఆచారం వదిలి, పాపాలు చేసి, చివరి ఘడియలో యమదూతల్ని చూసి భయంతో కొడుకును నారాయణా అని కేకవేశాడు. విష్ణుదూతలు వచ్చి అడ్డుకున్నారు. వేరొకరిని ఉద్దేశించి పిలిచినా, వేళాకోళంగా అన్నా, పాటలో పూరకంగా పలికినా, నిర్లక్ష్యంగా అన్నా ఆ నామం పాపాన్ని హరిస్తుందని వాళ్లు వాదించారు. యంత్రం నుంచి వచ్చే పాటను సమర్థించేవారు ఈ ఘట్టాన్నే చూపుతారు.

అయితే ఈ కథలో తరచు వదిలేసే రెండు సంగతులున్నాయి. ఒకటి, అజామిళుడు ఆ పేరును తన నోటితో, తన ప్రాణమంతా పెట్టి పిలిచాడు. ఉద్దేశం కొడుకు మీద ఉంది, శ్రద్ధలో మాత్రం లోటు లేదు. రెండోది, ఆ కేకతో అతడు నేరుగా వైకుంఠానికి పోలేదు. చావు తప్పింది, గడువు దొరికింది. తర్వాత గంగాద్వారానికి వెళ్లి, యోగసాధన చేసి, మనసును భగవంతుడి మీద నిలిపి అప్పుడు దేహం వదిలాడు. తెలియక పలికిన నామం తెలిసి పలకడానికి దారి తెరిచింది. గోడకున్న ప్లగ్గులో పెడితే పగలూ రాత్రీ ఒకే మంత్రం వినిపించే చిన్న డబ్బాలు చాలా ఇళ్లలో కనిపిస్తాయి. అజామిళుడి కథ వాటికి అండగా నిలబడాలంటే ఆ శబ్దం ఎప్పుడో ఒకప్పుడు ఆ ఇంటి మనిషి నోట పలకాలి.

అలా పలకడం నిజంగానే జరుగుతుంటుంది. సహస్రనామం వింటూ బెండకాయలు తరిగే ఇల్లాలి పెదవుల్ని గమనిస్తే తెలుస్తుంది. మధ్యలో మిక్సీ వేస్తుంది, ఫోన్‌లో గొంతు పూర్తిగా మునిగిపోతుంది. మిక్సీ ఆపేసరికి ఆమె పెదవులు, ఫోన్‌లో గొంతు ఒకే నామం దగ్గర ఉంటాయి. వినబడని ఆ కాసేపు నామాలు ఆమె లోపల నడిచాయి. ఏళ్ల తరబడి సగం చెవితో విన్నది ఇలా ఒంటబట్టింది. యోగశాస్త్రం దీన్ని సంస్కారమంటుంది. అనుభవం లోపల ముద్రగా నిలిచి, సందర్భం రాగానే తనంతట తాను పైకి వస్తుంది. కష్టంలోనో ఆసుపత్రి వరండాలోనో ఆమెకు తోడుండేది ఆ ముద్రే. ఆమె విన్నది ఉత్త చప్పుడనడం అన్యాయం.

జపంలో మనుస్మృతి మూడు స్థాయిలు చెప్పింది. విధియజ్ఞం కంటే జపం పది రెట్లు, పక్కవారికి వినబడకుండా పెదవులతో చేసే ఉపాంశువు నూరు రెట్లు, మానసం వెయ్యి రెట్లు గొప్పదని లెక్క. శబ్దం తగ్గేకొద్దీ ఫలం పెరుగుతోంది. ఈ లెక్కలో శబ్దం మొత్తం యంత్రానిదై, మనిషి వంతు ఏమీ లేకపోతే దానికి చోటే లేదు. పాణినీయ శిక్ష అధమ పాఠకుల్ని ఆరుగుర్ని చెప్పింది. రాగం తీసేవాడు, తొందరగా చదివేవాడు, తల ఊపేవాడు, రాసుకున్నది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, సన్నని గొంతువాడు. వీరిలో పుస్తకం చూసి చదివేవాడు ఉండటం ఆలోచించవలసిన విషయం. కంఠంలో ఉండవలసింది తాటాకు మీదికి వెళ్లినప్పుడే ఆనాటివాళ్లకు బెంగ పుట్టింది. తాటాకు తర్వాత అచ్చు పుస్తకం, దాని తర్వాత గ్రామఫోను రికార్డు, క్యాసెట్, యూట్యూబ్ వచ్చాయి. ప్రతిదీ ఎక్కువమందికి అందించింది, ప్రతిదానితోనూ మనిషి కంఠం కొంత వెనక్కి తగ్గింది.

అసలు నష్టం ఈ కంఠం దగ్గరే జరిగింది. పని చేస్తూ వినడంలో తప్పు లేదు. పని చేస్తూ పాడటం తెలుగు భక్తికి ప్రాణం వంటిది. అన్నమయ్య (1408–1503) పదాల్లో దంపుడు పాటల ఫణితులున్నాయి, సువ్వి పాటలున్నాయి, గొబ్బి పాటలు, జోలలు, లాలి పాటలు, ఉయ్యాల పాటలు ఉన్నాయి. రోకలి వేసే చేతికీ ఉయ్యాల ఊపే చేతికీ సరిపడే లయను ఎంచుకుని దాన్ని వేంకటేశ్వరుడికి ముడివేశాడు. పని ఆపి వినమని ఆయన ఎవరినీ అడగలేదు. త్యాగరాజు కూడా దివ్యనామ, ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో మేల్కొలుపు నుంచి పవ్వళింపు దాకా రోజు మొత్తాన్ని పాటగా అల్లాడు. ఈ రచనలన్నీ పాడుకోవడానికి వచ్చినవి. ఇప్పుడు వాటిని అద్భుతంగా పాడిన గొంతులు చేతిలో ఉన్నాయి, ఇంట్లోవాళ్లు పాడటం తగ్గింది. ఎం.ఎస్. పాడినట్టు పాడలేమనే బిడియం ఎందరి నోళ్లో మూసింది. సుప్రభాతానికి ఒకే బాణీ ప్రమాణమైపోయి, నాయనమ్మల వరసలు పోయాయి. వినడంలో తగ్గిన శ్రద్ధ గురించి ఇంత బాధపడేవారు ఇంట్లో ఆగిపోయిన పాట గురించి అంతకంటే ఎక్కువ బాధపడాలి. నవవిధ భక్తిలో శ్రవణం తర్వాతి మెట్టు కీర్తనమే.

టెలివిజన్ వచ్చాక ఈ ప్రశ్న చెవి నుంచి కంటికి పాకింది. రామానంద్ సాగర్ రామాయణం 1987 జనవరి 25 నుంచి 1988 జూలై 31 దాకా దూరదర్శన్‌లో ఆదివారం ఉదయాల్లో వచ్చింది. భాష హిందీ అయినా కథ తెలిసినదే కాబట్టి తెలుగువాళ్లకు అడ్డు కాలేదు. టీవీ ఉన్న ఇంట్లో చుట్టుపక్కల వాళ్లంతా చాపలు పరుచుకుని కూర్చున్నారు. దేశంలో ఎన్నోచోట్ల స్నానం చేసి వచ్చి టీవీకి దండ వేసి, అగరొత్తులు వెలిగించారు. తెలుగువాళ్లకు ఈ భావం కొత్తది కాదు. అంతకుముందే తిరుపతి యాత్ర ముగించుకుని మద్రాసు వెళ్లి ఎన్టీఆర్ ఇంటి ముందు నిలబడినవారున్నారు.

తెర మీది బొమ్మకు హారతి ఇవ్వడం అజ్ఞానమా? భాగవతం ఏకాదశ స్కంధంలో కృష్ణుడు ఉద్ధవుడికి ఎనిమిది రకాల ప్రతిమలు చెబుతాడు. రాతిది, కొయ్యది, లోహానిది, మట్టితో అలికి చేసింది, చిత్రించినది, ఇసుకది, మనసులోది, మణితో చేసింది. చిత్రానికి చోటున్నప్పుడు వెలుగుతో గీసిన చిత్రానికి చోటెందుకు లేదనే వాదన రావచ్చు. కానీ ప్రతిమ ఏదైనా దానికి ఆవాహన ఉంటుంది, ఉపచారం ఉంటుంది, పూజ ముగిసేదాకా నిలకడ ఉంటుంది. తెర మీది రాముడు అరనిమిషంలో సబ్బు ప్రకటనకు చోటిచ్చి వెళ్లిపోతాడు. ఆ నిలకడ లేదు కాబట్టి తెర స్వయంగా ప్రతిమ కాలేదు. ఎనిమిదిలో మనోమయి ఒకటుంది. తెర మీది రూపం వెళ్లిపోయాక కూడా చూసినవారి లోపల నిలిచిన రూపం అది. ఆనాడు టీవీ ముందు చేతులు జోడించిన ముసలమ్మ పూజ నిజానికి ఆ మనోమయికి చెందిందనడం న్యాయంగా ఉంటుంది.

2008 జూలై 7న తిరుమల తిరుపతి దేవస్థానం ఎస్వీబీసీ ఛానల్ మొదలయ్యాక కల్యాణోత్సవం, వాహనసేవలు ఇళ్లలోకి వచ్చాయి. తెర మీద కనబడేది ఉత్సవమూర్తి మలయప్పస్వామి. గర్భగుడిలోని మూలవిరాట్టును కెమెరా చూపదు. ఈ హద్దు ఎంతో అర్థవంతమైనది. నాలుగు వీధుల్లో అందరి దగ్గరికీ రావడం ఉత్సవమూర్తి ధర్మం కాబట్టి ప్రసారం దానికి పొడిగింపు లాంటిది. మూలమూర్తి దగ్గరికి మనిషే వెళ్లాలి.

2020 మార్చి 20న కరోనా కారణంగా భక్తులకు తిరుమల దర్శనం ఆగింది. నిత్యకైంకర్యాలు ఏకాంతంగా సాగాయి. ఆ ఆగస్టులో దేవస్థానం ఆన్‌లైన్ కల్యాణోత్సవం ప్రారంభించింది. దంపతులు సంప్రదాయ దుస్తుల్లో టీవీ ముందు కూర్చుని, అర్చకులు చెప్పినప్పుడు తమ గోత్రనామాలు తామే చెప్పుకున్నారు. ప్రసాదం, అక్షతలు తపాలాలో అందాయి. దూరంగా ఉండి చేసినది కర్మ అవుతుందా అన్న ప్రశ్నకు మీమాంస ఇచ్చే ఆధారం సంకల్పం. యజ్ఞాన్ని ఋత్విజులు నడిపినా ఫలం యజమానిది, ఎందుకంటే సంకల్పం, ద్రవ్యత్యాగం అతనివి. గోత్రం చెప్పి, పేరు చెప్పి, కాసేపు కదలకుండా కూర్చున్న ఆ దంపతులకు కర్మలో వంతు ఉంది. అదే ప్రసారాన్ని సోఫాలో కూర్చుని కూర తరుగుతూ చూసినవారిది దర్శనాభిలాష, అదీ మంచిదే.

మాటలు లేని సంగీతం సంగతి వేరు. పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో నాదాన్ని ఆహతం, అనాహతం అని విడదీసి, నాదోపాసన దైవోపాసనే అన్నాడు. భక్తి లేని సంగీతజ్ఞానం సన్మార్గమవుతుందా అని త్యాగరాజు ధన్యాసి రాగ కీర్తనలో నిలదీశాడు. ఇద్దరి మాటలూ నిలబెట్టుకునే దారి ఉంది. రాగాలాపన వింటూ కాసేపు తన్ను తాను మరిచినవాడికి మనసు ఒకచోట నిలవడమంటే ఏమిటో అనుభవంలోకి వస్తుంది. అది ఇంకా భక్తి కాకపోవచ్చు. కానీ వినీ వినకుండా సాగిపోయిన స్తోత్రం కంటే అది శ్రవణానికి దగ్గర.

అన్నిటికంటే విచారకరమైన ఉదాహరణ ఘంటసాల భగవద్గీత. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసిన ఆయన చివరి దశలో, ఎంపిక చేసిన శ్లోకాలకు తెలుగు తాత్పర్యం జోడించి, తెలుగువాళ్లకు గీతను చేర్చాడు. అంతమందికి గీతను అందించిన పని మరొకటి లేదు. అదే గొంతు ఇప్పుడు వీధి చివర మైకులో వినిపిస్తే ఎవరు పోయారని అడుగుతారు. ఇంట్లో పెట్టబోతే అశుభమని ఆపేవారున్నారు. విల్లు కింద పెట్టేసినవాణ్ణి లేపి నిలబెట్టిన బోధ చావుకు గుర్తుగా మిగిలింది. శబ్దం సంకేతంగా గట్టిపడితే అర్థం చెవిదాకా రాదు. దీనికి విరుగుడు సులభమే. ఏ చావూ లేని రోజున, పొద్దున్నే, ఇంట్లో కూర్చుని దాన్ని మొదటి నుంచి వినాలి.

గీతలోనే ముగ్గురు శ్రోతలున్నారు. పద్దెనిమిదో అధ్యాయం చివర కృష్ణుడు అర్జునుణ్ణి ఏకాగ్రచిత్తంతో విన్నావా, నీ మోహం పోయిందా అని అడుగుతాడు. దేవుడు స్వయంగా చెప్పినా, విన్నావా అని అడగవలసి వచ్చింది. అర్జునుడు మోహం పోయిందని, చెప్పినట్టు చేస్తానని బదులిచ్చాడు. వ్యాసుడి అనుగ్రహంతో విన్న సంజయుడు ఆ సంవాదాన్ని తలచుకున్న కొద్దీ ఒళ్లు పులకరిస్తోందన్నాడు. సంజయుడు యుద్ధాన్ని అప్పటికప్పుడు చెప్పాడని చాలామంది అనుకుంటారు. భీష్మపర్వం ప్రకారం అతడు భీష్ముడు పడిపోయాక, అంటే పదోరోజు యుద్ధం తర్వాత హస్తినకు వచ్చి, జరిగినదంతా మొదటి నుంచి చెప్పాడు. ధృతరాష్ట్రుడు విన్న గీత పది రోజుల నాటిది, మరొకరి గొంతులోంచి వచ్చింది. మాట మాత్రం ఒక్కటీ తగ్గలేదు. అంతా విన్న ధృతరాష్ట్రుడు కృష్ణుడి బోధ గురించి ఒక్క ప్రశ్నా వేయలేదు. కథ ఇంకొంత సాగాక ఆయన అడిగింది, రెండు సేనల్లో ముందు కొట్టింది ఎవరని.